కోడికి దుమ్మే స్నానం

కోడి నీళ్లలో మునగదు. ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి దానికి పొడి నేల కావాలి. మట్టి, ఇసుక, బూడిద, ఊక, ఏది దొరికినా సరే. పల్లెల్లో చూరు కింద, పొయ్యి బూడిద పోసే చోట కనిపించే మెత్తటి గుంటలు పెట్టలు పొర్లగా పడినవే.

తోక మొదట్లో, వీపు వైపు, కోడికి ఒక నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో దాన్ని నొక్కి, అంటిన నూనెను ఈకలకు పూసుకుంటుంది. ఈకలు పెళుసెక్కకుండా కాపాడేది ఆ నూనే. అయితే పాతబడిన నూనె జిడ్డు కడుతుంది, చర్మం పక్కనుండే నూగు ఈకలు అట్టకడతాయి. ఆ జిడ్డును పీల్చేది దుమ్ము.

పొర్లడానికి ఒక వరస ఉంది. ముందు కాళ్లతో నేల గీకి, ముక్కుతో మట్టిని దగ్గరికి లాక్కుంటుంది. ఈకలు నిక్కబొడుచుకుని కూర్చుని, రెక్కలు టపటపలాడిస్తూ మట్టిని ఈకల మధ్యకు ఎగజిమ్ముకుంటుంది. తల నేలకు రాస్తుంది. ఒక పక్కకు ఒరిగి, కాలు చాపి ఒళ్లు రుద్దుతుంది. మట్టి లోపలికి దిగేలా ఈకలు బిగించి కాసేపు కదలకుండా పడుకుంటుంది. చూసేవారికి జబ్బు చేసిందేమో అనిపిస్తుంది కూడా. చివరికి లేచి గట్టిగా విదిలించుకుంటే జిడ్డు పట్టిన ధూళి రాలిపోతుంది. ఇది సుమారు అరగంట పని. ఎక్కువగా మధ్యాహ్నం పూట, రెండు రోజులకోసారి సాగుతుంది.

పేల సంగతి ముక్కు చూసుకుంటుంది. కింది ముక్కు మీదికి వంగిన పైముక్కు కొన పేనును పట్టి నలపడానికి పనికొస్తుంది. ఆ కొన కత్తిరించిన ఫారం కోళ్లకు పేలు ఎక్కువ పడతాయి.

తెలుగు రాష్ట్రాల్లో గుడ్ల ఫారాలు ఎక్కువగా తీగ పంజరాలవే. అక్కడ కాళ్ల కింద మట్టి ఉండదు. అయినా పెట్ట పొర్లుతుంది. తొట్టిలోని దాణానే ముక్కుతో లాగుతూ, తీగల మీద కూర్చుని రెక్కలాడిస్తుంది. ఒంటికి దుమ్ము అందదు, జిడ్డు పోదు. అలాంటి కోడిని ఇసుకలో వదిలితే మామూలు కంటే ఎక్కువసేపు పొర్లుతుందని పరిశోధకులు గమనించారు. తల్లి లేకుండా పెరిగిన పిల్లలూ పొర్లుతాయి కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన అవసరం. ఖర్చు లెక్క చూసి దీన్ని కొట్టిపారేయడం అన్యాయం. ఐరోపా సమాఖ్య 1999లో తెచ్చిన నిబంధనలతో 2012 జనవరి 1 నుంచి అక్కడ ఉత్త తీగ పంజరాలు నిషిద్ధం. పంజరంలో పెంచినా గీకడానికి, పొడవడానికి పొట్టులాంటిది ఉంచాల్సిందే.

పెరటి కోళ్లకైతే వాన పడని మూల వెడల్పాటి తొట్టిలో పొడి ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి పోస్తే చాలు. తడిసి ముద్దకడితే మార్చాలి.