మూడు కత్తెరలు

పిల్లలకు తలంటి, చిక్కుతీసి, గోళ్లు కత్తిరించి, నెలకో రెండు నెలలకో క్షవరం చేయించడాన్ని తెలుగు ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా ఒక పనిగా లెక్కపెట్టరు. కానీ స్పర్శను, శబ్దాన్ని, వాసనను మామూలుకంటే ఎంతో తీవ్రంగా అనుభవించే బిడ్డ ఉన్న ఇంట్లో అవే పనులు పూటలు పూటలుగా సాగి, వీధి చివరిదాకా వినిపించే ఏడుపై, చివరకు తల్లి పెంపకంమీద బంధువులు ఇచ్చే తీర్పుగా మిగులుతాయి. ఇతరులకు పట్టనైనా పట్టని తాకిడిని నాడీవ్యవస్థ నొప్పిగానో ప్రమాదంగానో గ్రహించే ఈ స్థితిని ఇంద్రియ అతిస్పందన అనవచ్చు. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే నిత్యకృత్యాలు చేసుకోగలిగేలా తోడ్పడే చికిత్సకురాలు, జీన్ ఎయర్స్ 1972లో ప్రచురించిన గ్రంథంలో ఇంద్రియాల సమన్వయానికీ పిల్లల నేర్పుకూ గల సంబంధాన్ని వివరించారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు ఈ రకపు స్పందనలను ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. అయినా దువ్వెన చూసి పారిపోయే ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నట్టు కాదు.

అన్నిటికంటే కఠినమైనది క్షవరం. ప్రతి వెంట్రుక కుదురునూ నాడీతంతువులు చుట్టుకొని ఉంటాయి కనుక, కొస కదిలినా మెదడుకు కబురు అందుతుంది. కరెంటుతో నేరుగా నడిచే పాతరకం కటింగ్ మిషనులో బ్లేడు సెకనుకు సుమారు 100 సార్లు అటూ ఇటూ కదులుతుంది. అది చెవి వెనుక తగలగానే ఆ మోత గాలిలోంచే కాక కపాలపు ఎముకగుండా కూడా లోపలి చెవికి చేరుతుంది కాబట్టి, చెవులు రెండూ గట్టిగా మూసుకున్నా బిడ్డకు దానినుంచి విముక్తి ఉండదు. దీనికితోడు మెడకు బిగించిన గుడ్డ, ముఖంమీద చిమ్మిన నీళ్లు, పౌడరు వాసన, చొక్కాలో పడి గుచ్చుకునే ముక్కలు, వీటన్నిటినీ మించి ఇది ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం కలిసినప్పుడు, ఆ కుర్చీలోంచి దూకే బిడ్డను మొండివాడనడం అన్యాయం. ఆ బిడ్డ చెబుతున్నది తన ఒంటికి తెలిసిన నిజం.

ఇద్దరు పట్టుకొని ఒకరు కత్తిరించే పద్ధతి అతి సాధారణమైనదే గాని, అతి హానికరమైనది కూడా అదే. ఎందుకంటే ఆ పూట జుట్టు తెగినా, భయం పాతుకుపోయి మరుసటిసారి పెనుగులాట సెలూను గడప దగ్గరే మొదలవుతుంది. మిషను వదిలి కత్తెర వాడటం, రద్దీ లేని వేళ చూసుకోవడం లేదా ఇంట్లోనే పాత చొక్కామీద కూర్చోబెట్టడం, పది లెక్కపెట్టేలోగా ఆపుతామని చెప్పి నిజంగానే ఆపడం, కుడివైపు ఇవాళ, ఎడమవైపు ఎల్లుండి చేయడం వంటివి చూడటానికి చిన్న ఏర్పాట్లే. తల రెండువైపులా ఎగుడుదిగుడుగా ఉన్న బిడ్డను బడికి పంపడానికి తల్లిదండ్రులకు కొంత ధైర్యం కావాలి, ఆ ధైర్యం చేయదగినదే.

తలంటు విషయంలో ఒక విశేషం గమనించదగినది. వేలికొసలతో తేలికగా రాసే నూనెకు ముడుచుకుపోయే బిడ్డల్లో కొందరు, అరచేతిని నిండుగా ఆనించి నిదానంగా, గట్టిగా అదిమే మర్దనకు కుదుటపడతారు. తేలిక స్పర్శ కలవరపెట్టినా లోతైన ఒత్తిడి నెమ్మదింపజేస్తుందని చికిత్సకులు చెప్పే మాటకు అమ్మమ్మల మర్దన తీరు దగ్గరగానే ఉంది. అయితే నలుగుపిండి గరుకుదనం, కంట్లో పడితే మండే కుంకుడు రసం అందరికీ పడవు. ఆచారమని పట్టుబట్టకుండా వాటిని మానివేయవచ్చు. ఇంద్రియ చికిత్సల ఫలితాలపై పరిశోధన పరిమితంగానే ఉందని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో హెచ్చరించింది గనుక, ఏది పనిచేస్తుందన్నది చివరకు ఆ బిడ్డను చూసే తేల్చుకోవాలి. జడకు చిక్కుతీసేటప్పుడు కుదుళ్ల దగ్గర జుట్టును పిడికిట పట్టి కొసలనుంచి పైకి రావడం, గోళ్లను స్నానమై మెత్తబడ్డాక తీయడం మాత్రం దాదాపు ఎవరికైనా మేలే.

ఈ ఇళ్లను ఎక్కువగా నలిపేది మొక్కు. పుట్టువెంట్రుకలు తిరుమలలోనో కులదైవం గుడిలోనో ఇస్తామని అనుకున్న కుటుంబం, జనసమ్మర్దంలో తడితలమీద కత్తి ఆనగానే బిడ్డ ఊపిరాడనట్టు ఏడవడం చూసి, మొక్కుకూ బిడ్డకూ మధ్య నలిగిపోతుంది. అయితే గుండు చేయించుకోని స్త్రీలు కొద్దిపాటి కొసలు మాత్రం సమర్పించే ఆచారం తిరుమల యాత్రికుల్లో ఎప్పటినుంచో ఉంది, దానికి మూడు కత్తెరలు అని పేరు కూడా ఉంది. తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ ఒకటి, రెండు, మూడు అని తానే లెక్కపెట్టుకొని లేచిపోగలిగినంత చిన్న పని అది.