విద్యుత్ గిటారు: నాదశిక్షణ

విద్యుత్ గిటారు నేర్చు పిల్లలకు నేడు మొట్టమొదట చేతికందునది స్వరము కాదు, మీట. ఏ మీటను ఎంత త్రిప్పవలెనో, ఏ పెడల్ త్రొక్కినచో ఏ ప్రసిద్ధుని ధ్వని వచ్చునో చెప్పు పాఠములు సెల్‌ఫోనునందు కోకొల్లలు. కమలనగర్ వంటి ఊళ్లలో గురువు దొరకుట కష్టము గనుక మన కుటుంబముల పిల్లలును వానినే ఆశ్రయింతురు. ఇది ధ్వనిని అరువు తెచ్చుకొనుటయేయని నా అభిప్రాయము.

యంత్రమును నిందించుట నా ఉద్దేశము కాదు. 1930 ప్రాంతమున అమెరికాలో, వాద్యబృందముల హోరులో గిటారు వినబడకపోవుటచేతనే ఈ వాద్యము పుట్టినది. ఉక్కుతీగ కంపించినపుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయర్ దానిని పెంచును. మీటు పేలవమైనచో పెరుగునదియు ఆ పేలవత్వమే.

మన తెలుగునాట దీనికి దగ్గరి దృష్టాంతము 1969లో పాలకొల్లున జన్మించి, 2014లో కీర్తిశేషులైన ఉప్పలపు శ్రీనివాస్. వాద్యము మాండలిన్ అయినను సమస్య ఇదియే. సాధారణ మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు. జంటతీగను లాగి గమకము పలికింపబోయినచో రెండును ఒక శ్రుతిలో నిలువవు. మీటిన స్వరము వెంటనే ఆరిపోవును. శ్రీనివాస్ ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టిరి. స్వరము నిలిచినది, గమకమునకు చోటు దొరికినది. ఇంతవరకు యంత్రము చేసిన మేలు.

ఆ చోటును నింపినది గురువుగారి కంఠము. రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, మాండలిన్ వాయింపనెరుగరు. ఆయన పాడుచుండగా బాలుడు విని వాయించెడివాడు. వ్రేలు ఎక్కడ నుంచవలెనో చూపువారు లేకపోవుట లోపమువలె తోచును. నాకు మాత్రము అదృష్టమనిపించును. అనుకరించుటకు మరొక మాండలిన్ ధ్వని లేకపోగా, జారు, నొక్కు, ఊపిరి తీయు తావు, అన్నియు పాటనుండియే తీగమీదికి రావలసివచ్చినవి.

గిటారు బోధకులు దీనిని ఏల గ్రహింపరాదు? వీధిలో కన్నడము, మరాఠీ వినుచు పెరుగు మన పిల్లలచేత, ఇంటిలో తల్లి పాడు మంగళహారతిని ముందు పాడించి, పిదప తీగమీద పలికింపవచ్చును. తెలుగు మాటలోని దీర్ఘము ఎంతసేపు నిలువవలెనో చెవికి తెలిసినపుడు వ్రేలికిని తెలియును. బ్రిడ్జి దగ్గర మీటినచో స్వరము సన్నగా, పదునుగా పలుకును. మెడవైపు మీటినచో గుండ్రముగా నుండును. ఈ భేదము వినవచ్చిన పిమ్మట పికప్ మార్చు మీట తనంతట అర్థమగును. తీగను ప్రక్కకు లాగినచో స్వరము హెచ్చునేగాని తగ్గదు. దిగు గమకమునకు ముందే లాగిపట్టి, మీటి, పిదప మెల్లగా సడలింపవలెను. పిల్లలు తడబడునది ఇక్కడనే, బోధకుడు ఓపికతో నిలువవలసినదియు ఇక్కడనే.

ఇక డిస్టార్షన్. అది మెల్లని మీటును, గట్టి మీటును ఇంచుమించు సమానము చేయును. అందువలన చేతి అసమత దాగిపోవును. దానిని వట్టి రణగొణధ్వనియని ఈసడించు పెద్దలతో నేనేకీభవింపను, రాక్ సంగీతమునకు అదియే పలుకు. నేనైతే దానిని రెండవ సంవత్సరమునకు ఉంచుదును.