నువ్వేం చేసుంటావులే

హైదరాబాద్ హాస్టల్లో మొదటిరోజు ఏ ఊరని అడిగారు. బద్వేలన్నాను. తెలీలేదు. కడప అన్నాను. మంచాల మీద దొర్లుతున్నవాళ్లంతా లేచి కూర్చున్నారు. "అన్నా, మీ ఇంట్లో బాంబులుంటాయా?" లేవని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఊళ్లో ఎప్పుడో విన్న గట్టు తగాదా ఒకటి చెప్పాను. మొదటిసారి అందులో రెండు కట్టెలే. దసరా సెలవులు అయ్యేసరికి వేటకొడవళ్లొచ్చాయి, సంక్రాంతికి టాటా సుమో వచ్చింది. అసలు జరిగిందల్లా ఒకాయన పంచె చినగడం.

చాలా ఏళ్ల తర్వాత జాన్ మిల్లింగ్టన్ సింజ్ రాసిన ఐరిష్ నాటకం 'ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' చదివితే, నా గుట్టు ఎవరో 1907లోనే రట్టు చేసినట్టనిపించింది.

ఐర్లండు పడమటి కొసన మేయో ప్రాంతం. ఊరి సారాయంగడిలోకి మాసిపోయిన గుడ్డలతో, బెదిరిపోయిన క్రిస్టీ అనే పిల్లగాడు వస్తాడు. పోలీసులకు భయపడుతున్నాడని అందరికీ అర్థమైంది. దొంగతనమా, ఇంకోటా అని తలా ఒకటి అడుగుతారు. వాడు నోరు విప్పడు. చివరికి అంగడాయన కూతురు పెగీన్, వీడేం చేసుంటాడులే, వీడి మొహానికి ఏమీ చేతకాదు పొమ్మంటుంది. ఆ మాట తగిలింది. మా నాయన్ని చంపానంటాడు. సింజ్ పనితనం ఇక్కడే పట్టుకోవాలి. వాడి చేత నోరు విప్పించింది చులకనే.

ఊరు వాణ్ణి పట్టివ్వలేదు, నెత్తికెత్తుకుంది. తెల్లారేసరికి ఆడపిల్లలు బాతుగుడ్లు, వెన్న, పెట్టకోడి పట్టుకుని చూడటానికొచ్చారు. ఇక దెబ్బను చూడండి. రాత్రి చెప్పినప్పుడు ఉర్లగడ్డలు తవ్వే పారతో నెత్తిన ఒక్కటేశాడు, అంతే. పొద్దున ఆడపిల్లల ముందు చెప్పినప్పుడు ఆ పార గొంతు దాకా దిగింది. చేతిలో ఉన్న కోడి ఎముకను కంఠం దగ్గర పెట్టి మరీ చూపిస్తాడు. ఆ ఎముక ఎక్కడినుంచో ఊడిపడలేదు, వాడు తింటున్న తిండిలోది. వాళ్లు మేపుతున్నారు, వీడు చెబుతున్నాడు. మూడోసారికి దెబ్బ నడుము బెల్టు దాకా చీల్చేసింది. ఇంకొకడి కొత్తబట్టలు తొడుక్కుని ఆ గొప్ప చెప్పుకుంటూ గుమ్మం వైపు నడుస్తాడు. ఎదురుగా నెత్తికి కట్టుతో నాయన వస్తున్నాడు! అబద్ధం సరిగ్గా బెల్టు దాకా పెరిగిన నిమిషంలోనే నిజాన్ని నడిపించుకొచ్చాడు సింజ్.

1907 జనవరి 26న డబ్లిన్ ఆబీ థియేటర్లో మొదటి ప్రదర్శన. ఆడవాళ్ల లోదుస్తు పేరు వినపడగానే గోల మొదలైంది. ఆ వారమంతా పోలీసుల కాపలాలోనే ఆడారు. 1912లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఏకంగా నటుల్నే అరెస్టు చేశారు. ఆ కోపాన్ని తీసిపారేయలేం. లండన్ రంగస్థలం మీద ఐరిషోడంటే తాగుబోతు, తగాదాకోరు, నవ్వులాట మనిషి. 'పంచ్' పత్రిక కార్టూన్లలో కోతి మొహం. పరాయివాడు చేసే అవమానం చాలదన్నట్టు మనవాడే మొదలుపెట్టాడనుకున్నారు.

మనకూ ఇలాంటి ముద్రే పడింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', ఆ మరుసటేడు 'ఆది', 'ఇంద్ర' వచ్చాయి. ఆ సినిమాలకు రాయలసీమ అంటే పేలుడు, మంట, పగ. చాలాసార్లు యాస విలన్‌కు, పుస్తకాల తెలుగు హీరోకు. నిజమే. కానీ టిక్కెట్ల కోసం హాలు ముందు చొక్కాలు చించుకున్నదీ మనమే. బాతుగుడ్లు పట్టుకెళ్లినవాళ్లలో మనమూ ఉన్నాం.

సింజ్ ఇంకో మెట్టు దిగుతాడు. గుట్టు బయటపడ్డాక క్రిస్టీ తండ్రిని రెండోసారి కొడతాడు, ఈసారి ఊరివాళ్ల కళ్లముందే. నిన్న మురిసిపోయినవాళ్లే తాడు తెచ్చి కట్టేస్తారు. పెగీనే పొయ్యిలో కాలుతున్న పెళ్ల తెచ్చి వాడి కాలు కాలుస్తుంది. దూరాన జరిగితే వీరగాథ, పెరట్లో జరిగితే హత్య. నాయన మళ్లీ చావడు, పాక్కుంటూ వస్తాడు. మన సినిమాలు ఆ రెండో దెబ్బను ప్రేక్షకుడి పెరట్లోకి తేలేదు.

మన బద్వేలు వైపు రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'లో ఇంకో దారి పట్టాడు. 2019లో తానా బహుమతి వచ్చిన నవల అది. అందులో కరువుకు గొర్రెల్ని నల్లమలకు తోలుకెళ్లే తండ్రీకొడుకులున్నారు. పట్నంలో ఉద్యోగం దొరక్క వెనక్కొచ్చిన ఆ కొడుకు పులి తిరిగే అడవిలో నాయన పక్కన నడుస్తాడు. పగ లేకుండా కడప కథ నడుస్తుందా అన్నవాళ్లకు ఆ గొర్రెల మందే జవాబు.

మొన్న ఒక పెళ్లిలో పాత హాస్టల్ మిత్రుడు కనిపించాడు. పిల్లలకు నన్ను చూపించి ఆ గట్టు తగాదా చెప్పమన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే వాడే మొదలుపెట్టాడు. సుమోలు మూడయ్యాయి.