ఐదు ముద్రలు మూడైన కథ

కడప జిల్లాలో బంగారమనగానే ప్రొద్దుటూరు జ్ఞప్తికి వచ్చును. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వారు పెండ్లినగలకు అక్కడి బజారుకు పోవుట పరిపాటి. కొనువాడు కంటితో చూచి లోహము యొక్క శుద్ధిని తెలిసికొనలేడు. వెనుకటివారు గీటురాయిపై గీచి వన్నె కట్టెడివారు. నేటివారు నగపైనున్న హాల్‌మార్కును చూచుచున్నారు. ఈ ముద్ర ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పలేకున్నది అని విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఒక దాని మంచిచెడ్డలు తెలియుటకు దానివంటి మరొకటి ప్రక్కన ఉండవలెను గదా! అందుకై హాలెండు దేశపు పాత వెండి చెంచాను తీసికొందము.

1814లో ఆ దేశమున ఏర్పడిన ప్రభుత్వ పద్ధతి ప్రకారము పెద్ద వెండి వస్తువుపై నాలుగు ముద్రలుండును. మొదటిది నడచుచున్న సింహము. దానితో 1 అంకె ఉన్నచో వేయింట 934 పాళ్ళు వెండి, 2 ఉన్నచో 833 పాళ్ళు. రెండవది మినర్వా దేవత శిరస్సు. శిరస్త్రాణము మీది అక్షరమును బట్టి ఏ ఊరి పరీక్షాశాలయో తెలియును. మూడవది సంవత్సరమును తెలుపు అక్షరము. నాలుగవది పనివాని ముద్ర: అతని పేరులోని పొడి అక్షరములు, తరచు వాటి ప్రక్కన ఒక చిన్న గుర్తు. చిన్న చెంచాలకు మాత్రము సింహము బదులు కత్తి గుర్తుతో సరిపెట్టెడివారు. 1953లో శుద్ధి ప్రమాణములు 925, 835 గా మారినవి.

చెంచా చేసిన పనివానిని గుర్తింపగోరువారు మొదటనే అతని అక్షరములను పట్టుకొనరాదు. అవే అక్షరములు వేరువేరు ఊళ్ళలో, వేరువేరు కాలములలో పలువురికి ఉండవచ్చును. ముందు సింహము, తరువాత ఊరు, ఆపై సంవత్సరము చూచి, పిదప ఆ ఊరి నమోదు పట్టీలో వెదకవలెను. మొక్కను కుటుంబము, ప్రజాతి, జాతి అను క్రమమున గుర్తించు పద్ధతియు ఇట్టిదే. ముద్రలు ఒకదానితోనొకటి పొసగుచున్నవా అనియు చూడవలెను. ఏలయన 19వ శతాబ్ది చివర పాతవాటిని పోలిన ముద్రలతో చేసిన డచ్చి వెండి సామాను బజారులోనికి విరివిగా వచ్చినది. చెంచా రూపము ఒక కాలమును, అక్షరము మరొక కాలమును చెప్పినచో సంశయింపవలసినదే.

ఇక మన ముద్రను చూతము. భారత ప్రమాణాల సంస్థ 2000లో బంగారునగలకు హాల్‌మార్కు ప్రారంభించినప్పుడు ముద్రలు ఐదు: సంస్థ చిహ్నము, శుద్ధి, పరీక్షించిన కేంద్రము, సంవత్సరాక్షరము, వర్తకుని గుర్తు. 2000కు ఎ, 2001కి బి అని అక్షరములు సాగినవి. డచ్చి చెంచాకు ఇది దగ్గరి చుట్టము! 2017లో సంవత్సరాక్షరమును తీసివేసిరి. 2021 జూలై 1 నుండి కేంద్రము గుర్తు, వర్తకుని గుర్తు కూడ పోయి, వాటి స్థానమున అక్షరములు, అంకెలు కలిసిన ఆరు స్థానముల సంఖ్య వచ్చినది. ఐదు ముద్రలు మూడైనవి.

ఈ సంఖ్య వలన లాభము లేకపోలేదు. ప్రతి నగకు వేరు సంఖ్య ఉండును. దానిని సంస్థవారి ఫోను యాప్‌లో చూచినచో నగ రకము, శుద్ధి, పరీక్షించిన కేంద్రము, వర్తకుని నమోదు బయటపడును. గాజు సంఖ్యను ఉంగరముపై వేసినవాడు అప్పుడే దొరకిపోవును. డచ్చి ముద్రకు ఈ శక్తి లేదు. అయితే ఆ చెంచా తన కథలో చాల భాగమును తన ఒంటిమీదనే మోయుచున్నది. మన నగ కథ చిట్టాలో మాత్రమే ఉన్నది. రెండు వందల ఏండ్లకు మునిమనుమరాలి చేతికి ఆ నగ చేరినప్పుడు చిట్టా ఆమెకు అందునో లేదో ఎవరు చెప్పగలరు? నగ చేసిన కంసాలి పేరు ఐదు ముద్రలనాడును లేదు, నేడును లేదు. డచ్చి ముద్ర కూడ కార్ఖానా యజమానిదే కావచ్చును గాని, పని ఎక్కడ జరిగినదో అది చెప్పును.

ఇంతకంటె పెద్ద లోపము మరొకటి. హాల్‌మార్కును నిర్బంధము చేసిన 2020 నాటి ఉత్తర్వు 2 గ్రాములకు లోబడిన బంగారు వస్తువులను మినహాయించినది. ముక్కుపుడక, చిన్న కమ్మలు, సన్నని పుస్తె ఈ తూకములోనివే. పేదయింటి బంగారమంతయు ఒక్కొక్కప్పుడు ఇంతే. మోసపోయినచో తిరిగి కొనలేని వానికే ముద్ర రక్షణ లేకుండుట న్యాయము కాదు.

వెండి మాట సరేసరి. 2025 సెప్టెంబరు 1న వెండికిని సంఖ్యా పద్ధతి వచ్చినది గాని, నిర్బంధము చేయక వర్తకుని ఇష్టమునకు విడిచిరి. రాగి కలిసిన వెండిని కాచి ఆమ్లములో ముంచినచో పైపొరలోని రాగి కరగి పోయి, పైన మేలిమి వెండి మిగులును. కావున పైపొరను మాత్రమే చూచు పరీక్ష, గీటురాయి అయినను, ఎక్స్‌కిరణ యంత్రమయినను, లోపలి నిజమును చెప్పకపోవచ్చును. వెండికి ముద్ర అవసరము బంగారమునకంటె తక్కువది కాదు.

సంఖ్యను ఉంచుడు, దాని ప్రక్కన సంవత్సరాక్షరమును, వర్తకుని గుర్తును మరల చేర్చుడు, చిన్న నగలకును పరీక్ష కల్పించుడు. ఇవి అసాధ్యములు కావు. ఈలోగా ఉపాధ్యాయులు ఒక భూతద్దము తెచ్చి, విద్యార్థులచే ఇంటిలోని ఉగ్గుగిన్నె, పట్టీలు, ఉంగరములపై గల ముద్రలను చదివించి పట్టిక వ్రాయింతురు గాక. 2000 నుండి 2016 వరకు గల నగలలో సంవత్సరాక్షరమును వారే కనిపెట్టగలరు. ముద్ర చదువనేర్చినవాడు బజారులో అడుగవలసిన ప్రశ్నను కూడ నేర్చును.