పాఠమా, పాఠనిర్ణయమా? : శాసనాలు, గోండి రాతప్రతుల సామూహిక ప్రతిలేఖనం – ఒక విమర్శ

కీలకపదాలు: ప్రతిలేఖనం, పాఠభేదం, కురిక్యాల శాసనం, గుంజాల గోండి, వికీసోర్స్

చారిత్రక పత్రాల ప్రతిలేఖనం ఒకప్పుడు పండితులకే పరిమితమైన పని. నేడది స్వచ్ఛంద పాఠకుల సామూహిక కృషిగా మారుతున్నది. లండన్ యూనివర్సిటీ కాలేజీ 2010లో బెంథామ్ రాతప్రతులను సాధారణ పాఠకుల ముందుంచింది. వారి పాఠాన్ని సంపాదకులు సరిచూస్తారు. తెలుగు వికీసోర్స్‌లో ఒకరు అచ్చుదిద్దిన పుటను మరొకరు పరిశీలించి ఆమోదిస్తారు. అచ్చుపుస్తకం విషయంలో అక్షరసందేహం తక్కువ కనుక ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. శాసనానికి, రాతప్రతికి దీనినే యథాతథంగా వర్తింపజేయవచ్చునా అన్నది విచార్యం.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై 10వ శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగం కందపద్యాలలో సాగింది. ఇతడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. ఇటువంటి శాసనంలో ఏ పంక్తి ఏ భాషదో ట్యాగు చేయడం కేవలం కంటిచూపుతో తేలే పని కాదు. ఆనాడు తెలుగు కన్నడాలకు లిపి ఒక్కటే. పైగా ఆ లిపి ఎ-ఏ, ఒ-ఓల భేదాన్ని చూపదు. నేటి తెలుగులో దీర్ఘం ఉంచగానే ప్రతిలేఖకుడు వ్యాఖ్యాత అవుతున్నాడు. పద్యంలో ఛందస్సు అతనికి ఆధారమిస్తుంది. వచన శాసనంలో ఆ ఆధారమూ లేదు.

ప్రాచీన శాసనాలలోని ‘ఴ’కారానికి యూనికోడ్ తెలుగు పట్టికలో 2014లో గాని చోటు దొరకలేదు. అంతకుముందు టైపు చేసినవారు మరో అక్షరాన్నో గుర్తునో ఆశ్రయించక తప్పలేదు. అలాగే శాసనంలోని ‘చెఱువు’ను అలవాటుకొద్దీ ‘చెరువు’ అని ఎక్కిస్తే శకటరేఫ చరిత్రకు పనికివచ్చే సాక్ష్యం ఒకటి పోతుంది. ఇద్దరు పాఠకులదీ అదే అలవాటైతే రెండవ పరిశీలన ఆ పొరపాటుకు ఆమోదముద్ర వేస్తుంది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో వెలుగుచూసిన గోండి రాతప్రతుల సమస్య మరొకటి. ఆ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ఏడాది ముందు చేరిన మసరాం గోండి వేరే లిపి. కనుక ‘గోండి లిపి’ అన్న ఒక్క ట్యాగు పరిశోధకుణ్ణి దారితప్పిస్తుంది. అక్షరం తెరమీదికి వచ్చినంత మాత్రాన దానిని చదవగలవారు పెరగరు. ఉన్న కొద్దిమందీ చదివి చెప్పిన పాఠం ‘స్వచ్ఛంద సేవ’ పేరిట అనామకంగా మిగిలితే, ఆ పత్రాలకు వారసులైనవారే వాటి పరిశోధనలో పేరులేనివారవుతారు.

1974లో వెలువడిన కరీంనగర్ జిల్లా శాసన సంపుటంలో పాఠనిర్ణయానికి సంపాదకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి బాధ్యులు. సామూహిక ప్రతిలేఖనంలో ఆ బాధ్యత పలువురి మధ్య పంపకమవుతుంది. పంపకంలో అది లుప్తం కారాదు. అందుకు మూల ఛాయాచిత్రం పాఠం పక్కనే ఉండాలి. యథామాతృక పాఠాన్ని, సవరించిన పాఠాన్ని వేరుగా నిలపాలి. పాఠభేదాలను చెరిపివేయక, చదివినవారి పేరుతో, వారు చూపిన కారణంతో సహా భద్రపరచాలి. గుంజాల వంటి చోట మొదటి పాఠకులుగా ఆ ఊరివారి పేర్లే నమోదు కావాలి. ఈ నియమాలు లేనిచోట పాఠకుల సంఖ్య ఎంత పెరిగినా పాఠానికి ప్రామాణ్యం చేకూరదు.