మూడు గుండ్ల తీర్పు

గురికాండ్రు తమ తూటాలను తామే నింపుకొను విద్యను గూర్చిన రచనలలో ఒక పద్ధతి తరచుగా కనబడును. మందు తూకమును కొద్దికొద్దిగా మార్చుచు, ఒక్కొక్క తూకమునకు మూడేసి గుండ్లు కాల్చి, ఏ మూడు రంధ్రములు దగ్గరగా పడినవో ఆ తూకమే శ్రేష్ఠమందురు. (ఇది లైసెన్సు నియమములకు లోబడిన పని, మందు మించినచో తుపాకియే పగులవచ్చును.) తూకమున చూపు శ్రద్ధ మెచ్చదగినదే. తీర్పున మాత్రము ఆ శ్రద్ధ కనబడదు.

తూకము వలన ఎంత తేడా వచ్చునో చూతము. సెకనుకు 800 మీటర్ల వేగముతో వెడలిన గుండు, గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, 300 మీటర్లను 0.375 సెకనులో దాటును. అంతలో 69 సెంటీమీటర్లు క్రిందికి దిగును. వేగము నూటికి ఒక వంతు తగ్గినచో మరి 1.4 సెంటీమీటర్లు దిగును. అంతర్జాతీయ పోటీలలో ఆ దూరమునకు వాడు గురిపలక మీద పది మార్కుల వలయపు వ్యాసము 10 సెంటీమీటర్లు. కనుక తూకము లెక్కలోనిదే, కాని గుండు ఆకారము, గొట్టపు వణకు, గాలివాటు, చేతి నిలకడ కూడ రంధ్రములను చెదరగొట్టును.

ఈ చెదురును కొలుచుటకు మూడు గుండ్లు చాలవు. అడ్డముగను నిలువుగను ప్రామాణిక విచలనము 1 అనుకొందము. మూడు రంధ్రములలో మిక్కిలి ఎడముగా నున్న రెంటి నడిమి దూరము సగటున 2.4, పదింటిలో 3.8. తూటా మారలేదు, గుండ్ల సంఖ్యయే పెరిగినది! పైగా మూడింటి కొలత తన సగటు నుండి మూడవవంతుకు మించి తప్పుట అరుదు కాదు.

దీనిని చూచుటకు తుపాకి అక్కరలేదు. తార్నాకలో ఒక సైకిలు దుకాణమున ఒకే పొట్లములోని రెండు బేరింగు గోళీలు కొని, ఒకదానికి ఎరుపు, మరియొకదానికి నీలము పూసి, విశ్వవిద్యాలయ ఆవరణలో మా తరగతి ముందు మీటరు ఎత్తు నుండి కార్బను కాగితము మీద విడిపించితిని. మూడేసి సార్లు కాగానే ఎరుపుదే మేలని తరగతి తీర్పు చెప్పెను. ఒక విద్యార్థి కారణము కూడ కనిపెట్టెను: ఎరుపు రంగు బరువట! ముప్పదేసి సార్లయిన పిమ్మట ఆ రెండు మచ్చల గుంపులలో ఏది దేనిదో ఎవరును చెప్పలేకపోయిరి.

ఈ విషయమున పోటీ నియమములే మేలు. హైదరాబాదు గురికాడు గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యమును 701.1 మార్కులతో పొందెను. అందులో 598 అర్హత పోటీలోని 60 గుండ్లవి, 103.1 తుదిపోటీలోని 10 గుండ్లవి. డెబ్బది గుండ్ల మీద ఇచ్చిన తీర్పు అది.

తూటాలు నింపువారిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. లోలకపు ప్రయోగమున మూడు కొలతలు తీసి, కలిసిరాని దానిని చెరిపివేసిన రికార్డులపై నేనును ఎన్నియో సంతకములు చేసితిని.