ప్రెజర్ ముట్టకు

ఈ వారం ఇంటికి వచ్చిన పెళ్లి మిఠాయి డబ్బా చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. లోపలి మైసూర్‌పాక్ బాగానే ఉంది. డబ్బా ముదురెరుపు, మీద బంగారురంగు కలశం, దానిపైన తళతళలాడే యూవీ పూత. కానీ మడత పడ్డ ప్రతిచోటా ఎరుపు పగిలి తెల్లటి గీత తేలింది. రెండు మూలల్లో డూప్లెక్స్ బోర్డు లోపలి బూడిదరంగు కూడా బయటపడింది. అంటించిన పక్క రెక్క వేలు పెట్టగానే ఊడివచ్చింది.

నా అలవాటు ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. డబ్బా ఖాళీ కాగానే విప్పి, బల్ల మీద పరిచి, వెనక్కి తిప్పి చూస్తాను. ఏ యంత్రం దగ్గర ఏం జరిగిందో అట్టే చెబుతుంది. దీని కోత అంచులు నున్నగా ఉన్నాయి, పొట్టు రాలడం లేదు. అంటే డైలో కత్తి పదునుగానే ఉంది. తప్పు మడతలోనే ఉంది. మంచి క్రీజు పడితే అట్ట వెనక గుండ్రంగా, నిండుగా ఉబ్బు వస్తుంది. ఇక్కడ ఆ ఉబ్బు సన్నగా, నొక్కుకుపోయి ఉంది.

దీని లెక్క చిన్నదే. మడత వేసే రూల్ మందం మామూలుగా 0.71 మిల్లీమీటర్లు. బోర్డు మందం 0.4 అనుకుంటే, దానికి ఒకటిన్నర రెట్లు 0.6. రెండూ కలిపితే 1.3. రూల్ కింద ప్లేటు మీద అతికించే చానల్ గాడి సుమారుగా అంత వెడల్పుండాలి, లోతు బోర్డు మందమంత ఉండాలి. ఇరుకు గాడి పెట్టి పని కానిస్తే బోర్డుకు లోపలికి దిగే చోటుండదు, పైపొర చిట్లిపోతుంది. అప్పుడు ఆపరేటర్ మడత సరిగా పడలేదనుకుని ప్రెజర్ పెంచుతాడు, చిట్లింది ఇంకా చిట్లుతుంది. ప్రెజర్ పెంచడం గురించి నేనెంత గొంతు చించుకున్నానో పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఆ విప్పిన అట్ట పట్టుకుని చిక్కడపల్లి వెళ్లాను. అది తయారైన షెడ్డు ఏదో నాకు తెలియదు, వెతకనూ లేదు. ఈ పని తెలిసినవాళ్లకు చూపించాలనిపించింది, అంతే.

చిక్కడపల్లిలో కార్టన్ యంత్రం అంటే ఒక షెడ్డులో ఉండేది కాదు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ఒక సందులో, యూవీ పూత ఇంకో సందులో, పంచింగ్ నారాయణగూడ వైపు ఏ మెట్ల కిందో, పేస్టింగ్ ఇళ్ల దగ్గర ఆడవాళ్ల చేతుల మీద. మధ్యలో ట్రాలీ ఆటో. అందుకే ఇక్కడ డబ్బాలో తప్పు పట్టుకోవాలంటే పానా కంటే ముందు కాళ్లు కావాలి. ప్రింటుకూ కోతకూ పొసగకపోతే ప్రింటింగ్ వాళ్లు పంచింగ్ వైపు, పంచింగ్ వాళ్లు ప్రింటింగ్ వైపు చూపిస్తారు. చాలాసార్లు ఇద్దరి యంత్రాలూ మంచివే. ప్రింటింగులో షీటును ఏ అంచు పట్టుకుని గ్రిప్పర్ లాగిందో, పంచింగులో అదే అంచు లేకు, అంటే షీటును నిలిపే గైడుకు, ఆనాలి. దొంతర ఆటోలోకి ఎక్కి దిగేలోపు తిరగబడితే, షీటు కొలతలో ఉన్న కాస్త తేడా అంతా కోత మీద పడుతుంది.

నాకు ఈ సంగతులు నేర్పింది త్యాగరాయ గానసభకు దగ్గర్లో ఒక సందులో ట్రెడిల్ అచ్చు యంత్రం నడిపిన పెద్దాయన. కాలేజీ రోజుల్లో అక్కడ శుభలేఖల ప్రూఫులు దిద్దేవాణ్ణి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఆఫ్‌సెట్ వచ్చి సీసం అక్షరాలు కిలోల లెక్కన పాతసామాను బండ్లెక్కాయి. ట్రెడిల్ మాత్రం కదల్లేదు. అక్షరాలు బిగించే చట్రం, చేజు, దిగి, ఆ చోట ప్లైవుడ్‌లో కత్తులు బిగించిన డై ఎక్కింది. అచ్చు యంత్రం పంచింగ్ యంత్రమైంది. దేశమంతటా ఎన్నో ట్రెడిళ్లు ఇలాగే బతికాయి. అచ్చు అక్షరం ఎత్తు 0.918 అంగుళం, కోసే రూల్ ఎత్తు 0.937. తేడా అర మిల్లీమీటరుకు లోపే. కింద వేసే ప్యాకింగ్ తీసి ఆ తేడా సర్దితే యంత్రం కొత్త పనికి ఒప్పుకుంటుంది.

ఉస్తాద్‌కు ఆ మార్పు కష్టమనిపించలేదు. అచ్చులో ఒక అక్షరం వెలిసినట్టు పడితే దాని వెనక పలుచటి కాగితం ముక్క అతికించేవాడు. కత్తి ఒకచోట తెగకపోతే అక్కడా అదే చేశాడు. మొత్తం యంత్రం బిగిస్తే తెగనిచోట తెగుతుంది, తెగినచోట కత్తి మొద్దుబారుతుంది, పక్కన షీటును బయటికి నెట్టే రబ్బరు నలిగిపోతుంది. రబ్బరు నలిగితే షీటు డైకి అతుక్కుపోతుంది. కుర్రాళ్లెవరైనా బోల్టు మీద చెయ్యి వేస్తే, "ప్రెజర్ ముట్టకు బిడ్డా, ముందుగాల షీటు జూడు" అనేవాడు.

ఆయన చూసే పద్ధతి ఇదీ. వరుసగా కొన్ని షీట్లు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టేవాడు. తప్పు ప్రతి షీటులో ఒకేచోట ఉంటే డైలోనో ప్యాకింగ్‌లోనో వెతకాలి. షీటు షీటుకూ చోటు మారుతుంటే అది పెట్టే చేతిలోనో, ఆనే లేలోనో ఉంది. మొదట బాగుండి పనిచేస్తున్నకొద్దీ పెరుగుతుంటే ఏదో వదులవుతోంది, లేదా అరుగుతోంది, లేదా గాలి మారుతోంది. వేసవిలో కూలర్ గాలి దొంతర అంచులకు తగిలితే, అంచులు తేమ పీల్చి అలలు తేలుతాయి, షీటు లేకు తిన్నగా ఆనదు. ఉస్తాద్ ముందు కూలర్ మొహం తిప్పేవాడు. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. రెండు మారిస్తే తప్పు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, మర్నాడు మళ్లీ వస్తుంది.

అసలు ఈ పనే ఒక తప్పులోంచి పుట్టింది. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ అనే స్కాట్లండ్ మనిషి విత్తనాల సంచులు అచ్చువేస్తుంటే, మడత గీత వేయాల్సిన ఇనుప రూల్ కాస్త పైకి లేచి సంచులను కోసేసింది. ఎత్తు తేడాతో ఒక రూల్ కోస్తుంది, ఇంకో రూల్ మడుస్తుంది, రెండూ ఒకే దెబ్బలో చేయవచ్చని ఆయనకు తట్టింది. ఇవాళ మందుల డబ్బా నుంచి మిఠాయి డబ్బా దాకా అన్నీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. సంచులు పాడయ్యాయని తిట్టి ప్రెజర్ సర్దేసి ఉంటే అది దొరికేది కాదు. ఆయన ఆగి చూశాడు.

ఇంతవరకూ వచ్చాక, ఉస్తాద్ లాంటివాళ్లతో ఆ చెయ్యి పోయింది, అందుకే డబ్బాలు పగులుతున్నాయి అని రాయాలి. రాద్దామనే బయల్దేరాను. చిక్కడపల్లిలో ఒక షెడ్డులో పంచింగ్ చేస్తున్న కుర్రాడు నన్ను ఆపేశాడు.

ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. నా అట్ట తీసుకుని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచాడు. గ్రెయిన్, అంటే అట్టలో నార, ఎటు నడిచిందో చెప్పేశాడు. డబ్బా గోడలు ఉబ్బకుండా గట్టిగా నిలవాలంటే గ్రెయిన్ మడతలకు అడ్డంగానే ఉండాలి, అలాగే ఉంది. కానీ అడ్డంగా ఉన్నప్పుడు మడత దగ్గర నారల మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది, అందుకే చానల్ సరిగ్గా కుదరాలి అన్నాడు. తర్వాత గోటితో పూత గీకాడు. "యూవీ కాంగనే పంచింగ్ కొట్టిన్రు సార్. ల్యాంపుల వేడికి బోర్డుల నీళ్లు పోతయ్. ఒక దినం ఉంచితే మల్ల పట్టుకుంటది. ఈ ఎండలకు ఇంక ఎక్కువ ఉంచాలె. మాకు తెల్వక కాదు. పార్టీ పొద్దున షీట్లిచ్చి సాయంత్రం డబ్బాలంటడు." రెక్క ఊడటానికి కూడా కారణం చూపించాడు: అంటించే రెక్క మీద పూత పడకుండా వదలాలి, వదల్లేదు. నున్నటి పూత మీద జిగురు నిలవదు. ఆ తప్పు పేస్టింగ్ వాళ్లది కాదు, పంచింగ్ వాళ్లదీ కాదు, పూత వేయడానికి ముందే జరిగిపోయింది.

కాబట్టి చెయ్యి పోలేదు. ఆ కుర్రాడికి లేనిది యంత్రాన్ని ఆపే అధికారం. ముహూర్తాలు పడితే డబ్బాలు, నోటిఫికేషన్ పడితే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్. రెండూ ఒకేసారి పడితే ఈ సందుల్లో నిద్రలుండవు. ఆరని ఇంకు మీద పూత, చల్లారని బోర్డు మీద డై.

ఇంకోమాట కూడా చెప్పాలి. ఉస్తాద్ ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. ఫ్లైవీల్ తిరుగుతుండగానే, రెండు పలకలు మూసుకునేలోపు కాగితం ముక్క లోపల సర్దగలిగేవాడు. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. ఆ ఒడుపును ఇక ఎవరికీ నేర్పకూడదు. మోటారు కట్టేసినా ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగాకే చెయ్యి లోపలికి పోవాలి. చేతిని నెట్టేసే గార్డును తాడుతో వెనక్కి కట్టేసిన యంత్రాలు నేను చూశాను. కట్టినవాళ్లు పని తెలియనివాళ్లు కారు, గంటకు ఇన్ని షీట్లని లెక్క చెప్పాల్సినవాళ్లు. తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది గానీ, నలుగురైదుగురితో నడిచే ఇలాంటి షెడ్లు చాలావరకు దాని లెక్కలోకే రాలేదు.

డబ్బాలు చేయించుకునేవాళ్లు శుభలేఖలతోపాటే ఆర్డరిస్తే, పూత అయ్యాక బోర్డు ఆగాల్సిన ఆ ఒక్కరోజు దొరుకుతుంది. షాపుల వాళ్లు జాబ్ కార్డు మీద గ్రిప్పర్ అంచు ఏది, గ్రెయిన్ ఎటు, యూవీ అయింది ఎన్నింటికి అని రాస్తే చాలు, తర్వాతి సందులో ఉన్నవాడికి ఎంత ఆగాలో తెలుస్తుంది, ఎందుకు ఆగాడో చూపించడానికి కాగితం ఉంటుంది. తెలిసిన షాపుల్లో ఈమాట అడిగి వచ్చాను. ఒకాయన కార్డు మీద చోటు లేదన్నారు. వెనకవైపు రాయమన్నాను. సరే, శ్రావణం ఆర్డర్ల నుంచి రాయిస్తానన్నారు.